ఇన్‌స్టలేషన్ కూడా ప్రయోగంలో భాగమే: లైనక్స్‌పై శాస్త్రీయ ఇమేజ్ ప్రాసెసింగ్

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒక పాత పేట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపులోనూ యార్డులోనూ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా ఉంటున్నాయి. అలాంటి ఒక ఇంట్లో మెటలర్జీ చదువుతున్న విద్యార్థిని ఉందనుకుందాం. కాలేజీ ప్రయోగశాలలో మైక్రోస్కోపుతో తీసిన ఉక్కు నమూనాల చిత్రాలు ఆమె పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. వాటిలో నల్లగా కనిపించే భాగం మొత్తం విస్తీర్ణంలో ఎంత శాతమో కొలవాలి. ఆ పని చేసే వాణిజ్య సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాలేజీలో ఒక్క కంప్యూటర్‌కే ఉంది. ఇంట్లో ఉన్నది చేతులు మారి వచ్చిన పాత ల్యాప్‌టాప్.

ఆ ల్యాప్‌టాప్‌పై, పైసా ఖర్చు లేకుండా, దొంగ కాపీల జోలికి పోకుండా ఈ కొలత తీయవచ్చు. ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు వాడే ఇమేజ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా దొరుకుతుంది. చిక్కల్లా దాన్ని సరిగ్గా ఇన్‌స్టాల్ చేయడంలోనే ఉంది. ఏ దారిలో, ఏ వెర్షన్‌ను, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌పై నిలబెట్టారన్నదాన్ని బట్టి చివరికి వచ్చే అంకె కూడా మారవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు ఇన్‌స్టలేషన్‌ను ప్రయోగానికి ముందు జరిగే చిల్లర పనిగా చూడరు, ప్రయోగంలో మొదటి అడుగుగానే చూస్తారు.

ఫొటో కాదు, అంకెల పట్టిక

సెల్‌ఫోన్‌లో ఫొటోలను మెరుగుపరిచే యాప్‌కూ శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌కూ ఉద్దేశమే వేరు. యాప్‌కు కావలసింది అందం. శాస్త్రానికి కావలసింది కొలత. డిజిటల్ చిత్రంలో ప్రతి పిక్సెల్ ఒక అంకె. ఆ చోట సెన్సర్‌పై ఎంత వెలుగు పడిందో అది చెబుతుంది. 8-బిట్ చిత్రంలో ఒక్కో పిక్సెల్‌కు 256 స్థాయిలు ఉంటాయి, 16-బిట్ చిత్రంలో 65,536. శాస్త్రీయ సాఫ్ట్‌వేర్ ఈ అంకెలను వినియోగదారు అడిగితే తప్ప మార్చకూడదు. మార్చినప్పుడు ఏం మార్చిందో స్పష్టంగా తెలియాలి.

జేపెగ్ ఫైళ్ల విషయంలో జాగ్రత్త అవసరం అనేది ఇందుకే. ఫైల్ పరిమాణం తగ్గించడానికి జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. చూడటానికి తేడా తెలియదు. అంకెలు మాత్రం మారిపోతాయి. అందుకే మైక్రోస్కోపు చిత్రాలను టిఫ్ రూపంలో, ఖగోళ చిత్రాలను ఫిట్స్ రూపంలో దాచుకుంటారు.

ఉక్కు ఉదాహరణలో ఈ అంకెల విలువ బాగా తెలుస్తుంది. తక్కువ కార్బన్ ఉన్న ఉక్కును నెమ్మదిగా చల్లార్చి, పాలిష్ చేసి, నైటాల్ ద్రావణంతో ఎచింగ్ చేస్తే మైక్రోస్కోపు కింద రెండు భాగాలు కనిపిస్తాయి. తెల్లగా ఉండేది ఫెర్రైట్. నల్లగా ఉండేది పెర్లైట్. ఫెర్రైట్‌లో కార్బన్ దాదాపు ఉండదు. పెర్లైట్‌లో సుమారు 0.8 శాతం ఉంటుంది. కాబట్టి చిత్రంలో పెర్లైట్ విస్తీర్ణం 25 శాతమైతే ఆ ఉక్కులో కార్బన్ దాదాపు 0.20 శాతమని లెక్క తేలుతుంది. అదే చిత్రంలో సాఫ్ట్‌వేర్ 35 శాతం చూపిస్తే కార్బన్ 0.28 శాతం అవుతుంది. కార్బన్ పెరిగేకొద్దీ ఉక్కు గట్టిపడుతుంది, వెల్డింగ్‌కు అనుకూలత తగ్గుతుంది. ఇనుముతోనే బతికే రైల్వే ఊళ్లో ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

యూనిక్స్ కుటుంబమే ఎందుకు?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు రూపం ఇచ్చారు. ఒక్కో ప్రోగ్రామ్ ఒక్క పనినే బాగా చేయాలి, ఒకదాని ఫలితాన్ని మరొకటి అందుకోవాలి అన్నది దాని తీరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ ఆ తీరునే అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. యాపిల్ కంప్యూటర్లలోని మ్యాక్ఓఎస్ కూడా ఈ కుటుంబానిదే. ఒక చిత్రాన్ని మౌస్‌తో తెరిచి కొలవడం ఏ సిస్టమ్‌పైనైనా సులువే. వెయ్యి చిత్రాలను ఒకే పద్ధతిలో, రాత్రంతా, మనిషి పక్కన లేకుండా కొలవాలంటే యూనిక్స్ తీరు బాగా కలిసివస్తుంది.

ఖరగ్‌పూర్‌లోనే దీనికి మంచి నిదర్శనం ఉంది. 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ ప్రాంగణం ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద అక్కడ నెలకొల్పిన ‘పరమ్ శక్తి’ని 2022 మార్చిలో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు సుమారు 1,660 లక్షల కోట్ల లెక్కలు. అది నడిచేది లైనక్స్‌పైనే. ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి యంత్రమూ లైనక్స్‌దే. పాత ల్యాప్‌టాప్‌పై నేర్చుకున్న కమాండ్లే రేపు అలాంటి యంత్రంపైనా పనిచేస్తాయన్నమాట.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, జీవశాస్త్రం నుంచి లోహశాస్త్రం దాకా విరివిగా వాడేది ఇమేజ్‌జె. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ 1987లో మ్యాకింటోష్ కోసం ‘ఎన్ఐహెచ్ ఇమేజ్’ రాయడం ప్రారంభించారు. 1997లో దాని వారసుడిగా, జావా భాషలో రాసిన ఇమేజ్‌జె వచ్చింది. జావా ఉన్న ప్రతి కంప్యూటర్‌పైనా అది నడుస్తుంది. దానికి వందలాది అనుబంధ ప్లగిన్లు చేర్చి, ఒకే మూటగా కట్టిన రూపం పేరు ఫిజీ. పైథాన్ భాష తెలిసినవారు సైకిట్-ఇమేజ్ లైబ్రరీని వాడతారు. ఖగోళ శాస్త్రంలో 1981లో కిట్ పీక్ వేధశాలలో పుట్టిన ఐరాఫ్ దశాబ్దాల పాటు రాజ్యమేలింది.

గేజ్ కలవాలి, కప్లింగ్ కలవాలి

ఇన్‌స్టలేషన్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు రెండు రకాలే. రైల్వే పట్టణం వారికి అవి సులువుగా అర్థమవుతాయి.

మొదటిది గేజ్ సమస్య. 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వ్యాగన్ 1,000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్ పట్టాలపై ఎక్కదు. అలాగే ఒక రకం ప్రాసెసర్ కోసం తయారుచేసిన ప్రోగ్రామ్ మరో రకం ప్రాసెసర్‌పై నడవదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం 64-బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్లు. కొన్నింటిలో ఏఆర్ఎం ప్రాసెసర్లు ఉంటాయి. బాగా పాతవాటిలో 32-బిట్‌వి ఇంకా కనిపిస్తాయి. టెర్మినల్‌లో ‘యూనేమ్’ కమాండ్ ఇస్తే తమది ఏ రకమో తెలుస్తుంది. డౌన్‌లోడ్‌కు ముందే ఇది చూసుకోవాలి. 2025లో వచ్చిన డెబియన్ 13కు 32-బిట్ ఇంటెల్ యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి ల్యాప్‌టాప్ ఉన్నవారికి డెబియన్ 12 దాకానే దారి ఉంది.

రెండోది కప్లింగ్ సమస్య. ఏ ప్రోగ్రామూ అన్ని పనులనూ తానే చేసుకోదు. టిఫ్ ఫైల్‌ను చదవడానికి ఒక లైబ్రరీ, గణితానికి మరొకటి, కిటికీలు గీయడానికి ఇంకొకటి వాడుకుంటుంది. లైబ్రరీ అంటే ఎన్నో ప్రోగ్రామ్‌లు పంచుకునే సిద్ధమైన కోడ్. వీటిపై ఆధారపడటాన్నే డిపెండెన్సీ అంటారు. లైబ్రరీ లేకపోయినా, ఉన్నది వేరే వెర్షన్ అయినా కప్లింగ్ పడదు. ‘షేర్డ్ లైబ్రరీ దొరకలేదు’ అన్న అర్థం వచ్చే సందేశంతో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇది కంప్యూటర్ పాడైందని చెప్పే సందేశం కాదు. అందులోనే దొరకని లైబ్రరీ పేరు రాసి ఉంటుంది. ఆ పేరును పట్టుకుని వెతికితే సగం పని అయిపోయినట్టే.

ఐరాఫ్ కథ ఈ రెండు సమస్యలకూ పాఠం. కంప్యూటర్లు 64-బిట్‌కు మారాక కూడా దాని అనుబంధ ప్యాకేజీలు కొన్ని 32-బిట్‌వే మిగిలాయి. కొత్త లైనక్స్‌పై వాటిని నడపాలంటే పాత 32-బిట్ లైబ్రరీలను వెతికి తెచ్చి పెట్టాల్సి వచ్చేది. 2013 తర్వాత సంస్థాగతంగా దాని అభివృద్ధి ఆగిపోయింది. ఆ తర్వాత ఔత్సాహికులే కోడ్‌ను కొత్త యంత్రాలకు తగ్గట్టు సరిదిద్దుతూ వస్తున్నారు. కొత్తగా చేరేవారిలో ఎక్కువమంది పైథాన్‌లోని ఆస్ట్రోపై వైపు మళ్లారు.

ఇన్‌స్టాల్ చేయడానికి నాలుగు దారులు

మొదటి దారి ప్యాకేజీ మేనేజర్. డెబియన్, ఉబుంటులలో దాని పేరు ఆప్ట్. సీ-డాక్ రూపొందించిన భారతీయ లైనక్స్ ‘బాస్’ కూడా డెబియన్ పునాదిపైనే ఉంది, తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో తెరను చూపిస్తుంది. ఆప్ట్‌ను యార్డ్ మాస్టర్‌తో పోల్చవచ్చు. కావలసిన ప్యాకేజీ పేరు చెబితే చాలు, దానికి అవసరమైన లైబ్రరీలన్నింటినీ సరైన వెర్షన్లలో తెచ్చి రేక్ కూర్చి పెడుతుంది. ప్యాకేజీల జాబితాపై డిజిటల్ సంతకాన్ని కూడా అదే సరిచూస్తుంది. అనుభవం లేనివారికి ఇదే భద్రమైన దారి. ఒకే లోటు, అందులో దొరికే వెర్షన్ ఒక్కోసారి పాతదై ఉంటుంది.

రెండోది స్వయంసంపూర్ణమైన మూట. ఫిజీ ఇలాగే వస్తుంది. తనకు కావలసిన జావాను కూడా వెంటబెట్టుకుని వస్తుంది కాబట్టి కప్లింగ్ సమస్య చాలావరకు ఉండదు. జిప్ ఫైల్‌ను విప్పి, సొంత హోమ్ ఫోల్డర్‌లో పెట్టి నడిపితే సరి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అవసరం లేదు. నలుగురు వాడే కాలేజీ కంప్యూటర్‌పై ఇది పెద్ద వెసులుబాటు. సిస్టమ్ ఫోల్డర్లలో పెడితే మాత్రం రాసే అనుమతి లేక దాని అప్‌డేటర్ మొరాయిస్తుంది.

మూడోది పైథాన్ వారి దారి. డెబియన్ 12 నుంచి, ఉబుంటు 23.04 నుంచి ‘పిప్’తో నేరుగా లైబ్రరీలను సిస్టమ్‌లోకి దించబోతే కంప్యూటర్ నిరాకరిస్తుంది. ఈ పైథాన్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటోంది, ఇందులో వేలు పెట్టవద్దు అన్నది ఆ సందేశం సారాంశం. హెచ్చరికను దాటేసే ఒక మార్గం ఉంది. ఆ మార్గం పట్టుకుంటే సిస్టమ్‌లోని ఇతర పనిముట్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. సరైన పద్ధతి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఫోల్డర్ కేటాయించి, దానికి కావలసిన లైబ్రరీలను అందులోనే ఉంచుకోవాలి. ఒక ప్రాజెక్టులో మార్పు మరోదాన్ని తాకదు. తేడా వస్తే ఆ ఫోల్డర్‌ను తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొండా అనే పనిముట్టు ఇదే పనిని పైథాన్‌కు బయట ఉన్న లైబ్రరీలకు కూడా చేస్తుంది.

నాలుగోది సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవడం. పూర్వం యూనిక్స్‌పై ఎక్కువగా ఇదే దారి. గంటల కొద్దీ సమయం, లైబ్రరీలపై అవగాహన కావాలి. మామూలు అవసరాలకు ఇప్పుడు అక్కరలేదు. అరుదైన యంత్రం ఉన్నప్పుడు, లేదా సాఫ్ట్‌వేర్‌లోనే మార్పు చేయాల్సినప్పుడు మాత్రం ఇదే శరణ్యం.

వెర్షన్ మారితే జవాబు మారుతుందా?

మారుతుంది. దీనికి ప్రచురిత ఆధారాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు 2012లో ప్లాస్ వన్ పత్రికలో ఒక పరిశీలనను ప్రచురించారు. ఎంఆర్ఐ చిత్రాల నుంచి మెదడు భాగాల ఘనపరిమాణాన్ని కొలిచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వారు మూడు వెర్షన్లలో, వేర్వేరు కంప్యూటర్లపై నడిపారు. చిత్రాలు అవే, మనుషులు వారే. అయినా వెర్షన్ మారినప్పుడు ఘనపరిమాణాల్లో సగటున 8.8 శాతం తేడా వచ్చింది. కొన్ని భాగాల్లో ఇది 64 శాతం దాకా వెళ్లింది. కంప్యూటర్ రకం మారినప్పుడు, మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ మారినప్పుడు కూడా తేడాలు కనిపించాయి, అవి ఇందులో దాదాపు సగం. ఒక జబ్బు వల్ల మెదడులో వచ్చే మార్పును కొలిచేచోట సాఫ్ట్‌వేర్ వెర్షనే ఇంత తేడా తెస్తే, ఏది జబ్బు వల్ల వచ్చింది, ఏది అప్‌డేట్ వల్ల వచ్చింది అని తేల్చడం కష్టం. ఒక అధ్యయనం మధ్యలో సాఫ్ట్‌వేర్‌నూ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ మార్చవద్దని, మార్చక తప్పకపోతే మొత్తం విశ్లేషణను మళ్లీ చేయాలని ఆ పరిశోధకులు సూచించారు.

మరో ఉదాహరణ రసాయన శాస్త్రం నుంచి. అణువుల ఎన్ఎంఆర్ సంకేతాలను లెక్కగట్టడానికి 2014లో ప్రచురించిన పైథాన్ ప్రోగ్రామ్‌లను రసాయన శాస్త్రజ్ఞులు వాడుతూ వచ్చారు. అవి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లపై వేర్వేరు జవాబులు ఇస్తున్నాయని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో బయటపెట్టారు. కారణం చాలా చిన్నది. ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒక నిర్దిష్టమైన వరుసలో వస్తాయని ప్రోగ్రామ్ అనుకుంది. ఆ వరుసను నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్, అది అన్నిచోట్లా ఒకటి కాదు. ఫైళ్లను ముందుగా పేరు ప్రకారం అమర్చుకునే ఒక్క మార్పుతో సమస్య తీరింది. వందలాది చిత్రాలను వరుసగా కొలిచేవారికి ఇది సూటిగా తగిలే పాఠం. మూడో చిత్రం కొలత నాలుగో నమూనా పేరు పక్కన చేరినా ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించదు.

కొలిచే ముందు చిన్న పరీక్ష

ఇన్‌స్టలేషన్ పూర్తయిందని చెప్పడానికి కిటికీ తెరుచుకోవడం ఒక్కటే సరిపోదు. మొదట డౌన్‌లోడ్ అయిన ఫైల్ సరైనదేనా చూడాలి. చాలా సంస్థలు ఫైల్‌తో పాటు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను ప్రకటిస్తాయి. ఇది 64 అక్షరాల వేలిముద్ర లాంటిది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో దీన్ని లెక్కగట్టి పోల్చుకోవచ్చు.

తర్వాత జవాబు ముందే తెలిసిన చిత్రంపై నడిపి చూడాలి. ఇమేజ్‌జెలో నమూనా చిత్రాల జాబితా ఉంటుంది. అందులో ‘బ్లాబ్స్’ అనే చిన్న చిత్రం బొట్లను లెక్కించడానికి పేరుపడింది. మామూలు సెట్టింగులతో అరవై పైచిలుకు బొట్లు వస్తాయి. ఆరో, ఆరువందలో వస్తే ఎక్కడో సెట్టింగు తేడా ఉందన్నమాట. ఇదే పరీక్షను కాలేజీ కంప్యూటర్‌పైనా ఇంటి ల్యాప్‌టాప్‌పైనా చేసి, రెండు జవాబులూ ఒకటేనని తేల్చుకోవాలి.

మూడోది థ్రెషోల్డ్. ఏ అంకె దగ్గర నలుపు ఆగి తెలుపు మొదలవుతుందో చెప్పే గీత ఇది. ఇమేజ్‌జెలో దీన్ని తనంతట తానే నిర్ణయించే పద్ధతులు పదికి పైగా ఉన్నాయి. 1979లో నొబుయుకి ఒట్సు ప్రచురించిన పద్ధతి వాటిలో బాగా పేరున్నది. ఒకే ఉక్కు చిత్రానికి రెండు పద్ధతులు రెండు రకాల పెర్లైట్ శాతాలు ఇవ్వవచ్చు. పద్ధతిని ముందే ఎంచుకుని, అన్ని చిత్రాలకూ అదే వాడాలి. కావలసిన జవాబు వచ్చేదాకా గీతను జరపడం కొలత అనిపించుకోదు.

నాలుగోది జ్ఞాపకశక్తి. 2,048×2,048 పిక్సెళ్ల 16-బిట్ చిత్రం ఒక్కటి దాదాపు 8.4 మెగాబైట్లు. అలాంటివి 500 ఒకేసారి తెరిస్తే 4.2 గిగాబైట్లు కావాలి. 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ వాటిని మోయలేదు. ఇమేజ్‌జెలోని ‘వర్చువల్ స్టాక్’ పద్ధతిలో చిత్రాలు డిస్క్‌పైనే ఉంటాయి, ఎప్పుడు కావలసినది అప్పుడే లోపలికి వస్తుంది. కొంచెం నెమ్మది తప్ప ఫలితంలో తేడా ఉండదు. పాత యంత్రం ఉన్నవారు తెలుసుకోవాల్సిన సదుపాయం ఇది.

నోటుపుస్తకంలో ఉండాల్సినవి

ప్రయోగశాలలో త్రాసు ఏ కంపెనీదో, ఎప్పుడు సరిచూశారో రాసుకుంటారు. సాఫ్ట్‌వేర్‌కూ అదే పద్ధతి వర్తిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, వెర్షన్. ప్రాసెసర్ రకం. సాఫ్ట్‌వేర్ వెర్షన్, దాన్ని ఏ దారిలో ఎప్పుడు ఇన్‌స్టాల్ చేశారన్న వివరం. పైథాన్ అయితే లైబ్రరీల పూర్తి జాబితా, దాన్ని పిప్ ఒక్క కమాండ్‌తో ఫైల్‌గా ఇస్తుంది. నమూనా చిత్రంపై వచ్చిన జవాబు. వాడిన థ్రెషోల్డ్ పద్ధతి, ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లకు సమానమన్న స్కేలు. ఇమేజ్‌జెలో మాక్రో రికార్డర్‌ను తెరిచి ఉంచితే మౌస్‌తో చేసిన పనులను కమాండ్లుగా రాసిపెడుతుంది. ఆ ఫైల్‌నే మరుసటి చిత్రానికి వాడుకోవచ్చు, మరొకరికీ ఇవ్వవచ్చు.

ప్రాజెక్టు ముగిసేదాకా అప్‌డేట్ చేయమనే పిలుపులను పక్కన పెట్టడం మంచిది. ఫిజీ అయితే మొత్తం ఫోల్డర్‌ను అలాగే కాపీ చేసి దాచుకుంటే చాలు, రెండేళ్ల తర్వాత కూడా అదే వెర్షన్‌తో కొలతను మళ్లీ తీయవచ్చు. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం కావడంతో ఆ ఫోల్డర్‌ను పరీక్షకుడికీ పక్క ఊరి సహవిద్యార్థికీ నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. వారు తమ కంప్యూటర్‌పై నడిపి అదే అంకె తెచ్చుకున్నప్పుడు ఆ కొలతకు నిలబడే బలం వస్తుంది.